చావడిలో పరదేశి: అనంతపురం సీమలో క్రైస్తవ ప్రబోధం

అనంతపురం పీఠభూమిలో క్రైస్తవం వ్యాపించిన తీరును చర్చిలు, బడులు, ఆసుపత్రుల లెక్కలతో చెప్పడం పరిపాటి. అయితే ఆ కట్టడాలేవీ లేవకముందే ఊరి చావడిలోనో, చెరువుగట్టు మీదనో దారినపోయే పరదేశికీ ఊరివారికీ నడిచిన మాటలతోనే ఆ మతం ఇక్కడ నిలదొక్కుకుంది. ఆ మాటలు ఎవరు మొదలుపెట్టారు, ఎవరు నిలబెట్టారు అన్న ప్రశ్నకు మిషనరీల లేఖలలో దొరికే సమాధానం సగమే.

1700 ప్రాంతంలో పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి జెస్యూట్లు, అంటే ఏసుసభ అనే కథోలిక సన్యాస సంఘానికి చెందిన గురువులు, 'కర్ణాటక మిషన్' అనే ప్రచార క్షేత్రాన్ని నెలకొల్పి, పుంగనూరు మీదుగా బుక్కపట్నం, కృష్ణాపురం వంటి ఊళ్ల దాకా వచ్చారు. ఇక్కడ కర్ణాటకం అంటే నేటి రాష్ట్రం కాదు, ఆనాడు ఆ పేరుతో వ్యవహరించిన తమిళ, తెలుగు సీమలు. 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలీ చూపిన బాటలోనే వీరు కాషాయం ధరించి, మద్యమాంసాలు మానేసి, సన్యాసుల్లా మసలుకున్నారు. దీన్ని కపటవేషమని నిందించినవారు ఐరోపాలోనే ఎక్కువ. గొడ్డుమాంసం తిని సారా తాగేవాడుగా పేరుపడ్డ 'ఫరంగి' (ఐరోపావాడు) అని తెలిస్తే ఊరివారు అంటు పాటించి దూరం జరిగేవారు కనుక, ఆ వేషం లేకుండా రెండో మాట నడిచే వీలు లేదన్నది మాత్రం కాదనలేని వాస్తవం.

గురువు కంటే ముందు ఊళ్లో అడుగుపెట్టేవాడు ఉపదేశి. ఉపదేశి అంటే జపాలు, మతసూత్రాలు కంఠస్థం చేసి ఇతరులకు నేర్పే స్థానిక విశ్వాసి. ఎవరి ఇంట నీళ్లు పుచ్చుకోవచ్చో, ఏ కులపెద్దను ముందుగా పలకరించాలో తెలిసినవాడు అతడే. ఊరివారి సందేహాలకు వారి యాసలోనే జవాబు చెప్పగలిగినవాడూ అతడే. పారిస్‌లో అచ్చయిన లేఖల సంపుటాలు గురువుల పేర్లను భద్రంగా నిలిపాయి కానీ, ఉపదేశులలో ఎక్కువమంది పేర్లు వాటిలో కనిపించవు. ఈ సీమలో పనిచేసిన ఎతియెన్ లె గాక్ అనే గురువు లేఖలలో వైష్ణవ దాసరుల ప్రతిఘటన, మెడలోని లింగాన్ని తీసివేయడానికి లింగధారులు పడిన తటపటాయింపు వంటి విషయాలున్నాయి. మతం మారడమంటే తర్కంలో ఓడిపోవడం కాదనీ, బంధువర్గంతో తెగతెంపులకు సిద్ధపడడమనీ ఆ వివరాలే తెలుపుతాయి. కొందరు రెడ్లు కుటుంబాలతో సహా జ్ఞానస్నానం పొందడానికీ కారణం ఇదే: పరదేశి మాట ఒక పెద్దను ఒప్పిస్తే, వియ్యాలవారి వాకిళ్లకు దాన్ని మోసుకుపోయింది చుట్టరికం.

సంభాషణ ఒకవైపే సాగలేదు. 1732లో భారతదేశానికి వచ్చి, కొంతకాలం కృష్ణాపురంలో ఉన్న గస్తోన్ కూర్దూ అనే జెస్యూట్ గురువు, అద్దకం నేర్చిన కొత్త క్రైస్తవులను అడిగి తెలుసుకున్న రంగుల రహస్యాలను 1742 నాటి లేఖలో ఫ్రాన్సుకు చేరవేశాడు. మతం చెప్పడానికి వచ్చినవాడు అద్దకం పాఠం విని వెళ్లాడన్నమాట.

సన్యాసుల్లా మసలుకుంటూ స్థానికాచారాలు పాటించే జెస్యూట్ల పద్ధతిపై రోము నుంచి అభ్యంతరాలు వస్తూనే ఉన్నాయి. పోపు ప్రతినిధి తూర్నోన్ 1704లో పుదుచ్చేరిలోనే స్థానికాచారాలను నిషేధించగా, 1744లో పోపు పదునాల్గవ బెనెడిక్టు ఆ నిషేధాన్ని ఖాయం చేశాడు. 1773లో ఏసుసభనే రద్దు చేయడంతో గురువుల రాక సన్నగిల్లింది. యుద్ధాలకూ కరువులకూ తాళలేక తరలిపోయిన రెడ్డి కథోలిక కుటుంబాల వారసులు గుంటూరు సీమలోని ఫిరంగిపురం ప్రాంతంలో నేటికీ ఉన్నారు.

తర్వాతి వంతు ప్రొటెస్టెంట్లది. 1810లో జాన్ హాండ్స్ బళ్లారిలో లండన్ మిషనరీ సొసైటీ కేంద్రాన్ని ప్రారంభించాడు. 1882లో అనంతపురం జిల్లాగా విడిపోయిన ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలో భాగమే. ఈ ప్రొటెస్టెంట్ బోధకులు సన్యాసి వేషం కట్టక, సంతలలో, తిరునాళ్లలో నిలబడి ప్రసంగించి, కరపత్రాలు పంచారు. జనం విన్నారు, వాదించారు. మారినవారు మాత్రం తక్కువ. గడప దాటని స్త్రీలతో మాట కలపడం ఈ ప్రసంగాలతో అయ్యే పని కాదు కనుక, ఇంటింటికీ వెళ్లి చదివి వినిపించే 'బైబిలు స్త్రీలు' అనే స్థానిక ఉద్యోగినులను మిషన్లు నియమించుకున్నాయి.

ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే ఈ నేలను 1876–78 నాటి మహాకరువు కుదిపివేసిన కాలానికి, రాయలసీమ మిషన్లలో సంభాషణ దిక్కే మారింది. పరదేశి ఊరూరా తిరిగి శ్రోతలను వెదకడం తగ్గి, మాలపల్లెల పెద్దలే మిషన్ బంగళాకు నడిచివచ్చి, తమ పల్లెకు ఒక పంతులును పంపమని అడగడం పెరిగింది. వీరిని 'గంజి క్రైస్తవులు' అని ఎగతాళి చేసినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. అయితే పంతులును కోరడంలో అక్షరం, గౌరవం, కరణం ముందు తమ తరఫున పలికే ఒక గొంతు అనే మూడు కోరికలు పెనవేసుకుని ఉన్నాయి. వాటిని భక్తి నుంచి విడదీసి చూపాలన్న పట్టుదల ఆ పెద్దలకు లేదు, చరిత్రకారుడికీ ఉండనవసరం లేదు.