నీతికి చట్టము: కల్బా, దూబగుంట, నేటాలు

కల్బా ఒమాను సరిహద్దున, సముద్రపుటొడ్డున ఉన్న చిన్న పట్టణము. 1936లో బ్రిటిషువారు దానిని ప్రత్యేక రాజ్యముగా గుర్తించారు. 1952లో అది షార్జాలో కలిసినది. కనుక షార్జా చట్టమే అక్కడి చట్టము. 1985లో షార్జా మద్యమును నిషేధించినది. 2001లో దుస్తులకు, స్త్రీపురుషుల నడవడికి నిబంధనలు పెట్టినది. 2020 నవంబరులో ఆ దేశపు కేంద్ర ప్రభుత్వము మద్యముపైన, పెండ్లి కాని జంటల సహవాసముపైన శిక్షలు సడలించినను, షార్జాలో మద్యనిషేధము అట్లే నిలిచినది.

గల్ఫు దేశములకు కరీంనగరు నుండి, కడప నుండి, గోదావరి జిల్లాలనుండి మనవారు ఒప్పందముపై పోవుచున్నారు. 1860లో మద్రాసునుండి ట్రూరో ఓడలో నేటాలుకు వచ్చిన వారి వలెనే, దిగిన చోటి చట్టము చేయుటలో వారికి పాలు లేదు.

"తాగుడు లేకుంటే ఇల్లు బాగుపడదా?" అని మన పెద్దమ్మలు అడుగుతారు. అది తీసివేయదగిన మాట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొంటున్న ఆడవారే సారా దుకాణము మూయించారు. మగవారిని ఉద్ధరింపుమని వారు సర్కారును అడుగలేదు. సర్కారే వేలము వేసి ఊరిలో పెట్టించిన దుకాణము తీయుమన్నారు. 1993లో సారా నిషేధము వచ్చినది. 1995 జనవరిలో రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ నిషేధము తెచ్చినది. దొంగసరుకు పెరిగి, ఖజానా తరిగి, 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని సడలించినది. ఆడవారు అడిగినదానికి, ప్రభుత్వము చేసినదానికి గల తేడా మాకు పెద్దదిగానే తోచుచున్నది.

ఇక మన ఇంటి సంగతి. 1913 మార్చిలో కేపు న్యాయస్థానమున సెర్ల్ అను న్యాయమూర్తి, బహుభార్యాత్వమును ఒప్పు మతముల పద్ధతిన జరిగిన పెండ్లి చెల్లదని తీర్పు చెప్పాడు. పుస్తె కట్టించుకొని, తలంబ్రాలు పోసుకొని, చెరకు తోటలలో కాపురము చేసిన మన అవ్వలు ఒక్క కాగితముతో భార్యలు కాకుండా పోయారు! ఆ అవమానముతోనే ఆడవారు సత్యాగ్రహమున దిగి జైళ్లకు పోయారు. గనులలో, తోటలలో కూలీలు పని మానారు. 1914 చట్టముతో ఒక భార్యకు గుర్తింపు దక్కినది. మూడు పౌనుల తలపన్నును పోయినది. అంతటితో ఆగలేదు. 1949లో జాత్యంతర వివాహములను నిషేధించారు, 1950లో తెల్లవారికి, ఇతరులకు నడుమ సంబంధమును నేరము చేశారు. అవి కూడ నీతి పేరిటనే వచ్చినవి. రాత్రివేళ తలుపు తట్టి పక్కబట్టలు తడిమి చూచిన పోలీసుల కథలు మనలో విననివారు అరుదు. ఆ నిషేధములు తొలగినది 1985లో, షార్జా మద్యము మానిపించిన ఏటనే.

వీధిలో తాగి పైబడువానిని పట్టుకొనుటకు చట్టము ఉండవలసినదే. గదిలో ఎవరితో ఉన్నావని అడుగుటకు ఉండరాదని మా అభిప్రాయము. పైగా ఆ దెబ్బ అందరికి ఒకే తీరుగా తగులదు. కల్బాలో నేరము రుజువైన స్థానికుడు శిక్ష తీరగానే ఇంటికి పోతాడు. తెలుగు కూలీని విమానమెక్కించి పంపివేయవచ్చును. వీసాకై ఊరిలో చేసిన అప్పు మాత్రము అతని పేరనే ఉంటుంది.