గనిలో, మైదానంలో, వేదికమీద: చార్లీ విలియమ్స్ జీవితం

చార్లీ విలియమ్స్ పేరు మన పాఠకులలో చాలామంది విని వుండరు. ఫుట్‌బాల్ పిచ్చి వున్నవాళ్ళు కూడా విని వుండకపోవచ్చు. అతను ఇంగ్లండు జట్టుకు ఆడినవాడు కాదు, కప్పులు గెలిచినవాడూ కాదు. 1948 నుంచి 1959 దాకా డాన్‌కాస్టర్ రోవర్స్ అనే చిన్న క్లబ్బులో సెంటర్‌హాఫ్‌గా వున్నాడు. 150కి పైగా లీగ్ మ్యాచులు ఆడి మొత్తంమీద ఒకే ఒక్క గోలు చేశాడు. ఆట మానేసిన తరవాత హాస్యగాడుగా మారి, 1971 నుంచి నాలుగైదేళ్ళపాటు బ్రిటన్‌లో ప్రతి ఇంటికీ తెలిసిన ముఖమయ్యాడు. 2006 సెప్టెంబరులో 78వ యేట చనిపోయాడు.

అతన్ని గురించి రెండు రకాల అభిప్రాయాలు వున్నాయి. తరవాత వచ్చిన నల్లజాతి హాస్యగాళ్ళకు దారివేసిన పెద్దమనిషి అని కొందరంటారు. తెల్లవాళ్ళను నవ్వించటానికి తన వొంటిరంగునే సరుకుగా పెట్టి అమ్ముకున్నాడని మరికొందరంటారు. ఈ రెండు తీర్పులూ వేదికమీది మనిషినే చూస్తున్నాయి. వేదిక ఎక్కేనాటికి అతనికి ముప్ఫయి దాటాయి. అంతకుముందే బొగ్గుగనిలో ఒక బతుకు, ఫుట్‌బాల్ మైదానంలో ఇంకొక బతుకు బతికి వచ్చాడు. ఆ రెండింటినీ వదిలేసి మూడవదాన్ని విచారిస్తే విచారణ సగంలోనే ఆగిపోతుంది.

చార్లీ 1927 డిసెంబరులో యార్క్‌షైర్‌లో బార్న్‌స్లీ దగ్గర రాయ్‌స్టన్ అనే వూళ్ళో పుట్టాడు. తండ్రి బార్బడోస్ దీవినుంచి వచ్చి మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరినవాడు. తల్లి ఆ ప్రాంతపు తెల్ల స్త్రీ. తండ్రి లాంటి మనుషులకు ఆ యుద్ధం ముగిసిన వెంటనే దొరికిన బహుమానమేమిటో చరిత్రలో వుంది. 1919లో లివర్‌పూల్, కార్డిఫ్ రేవుల్లో నల్లజాతి నావికుల ఇళ్ళమీద తెల్ల గుంపులు దాడులు చేశాయి. సామ్రాజ్యం యుద్ధంలో మనుషులను పిలిచినప్పుడు రంగు అడగలేదు. ఉద్యోగాలు తరిగినప్పుడు మాత్రం అడిగింది. రాయ్‌స్టన్ రేవు పట్టణం కాదు, గనుల వూరు. అక్కడ చార్లీ కుటుంబంవంటి కుటుంబాలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కూడా వుండవు. అందువల్ల అతను పెరిగింది నల్లవారి పేటలో కాదు. గని కార్మికుల పిల్లల మధ్య వాళ్ళ యాస, వాళ్ళ తిట్లు, వాళ్ళ వేళాకోళం నేర్చుకుని పెరిగాడు. ఈ సంగతి ముందుకు పనికివస్తుంది.

పద్నాలుగో యేట బడి మానేసి అప్టన్ బొగ్గుగనిలో దిగాడు. అప్పుడు రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్నది. బొగ్గు లేనిదే యుద్ధం లేదు గనక గనిపనిని సైనికసేవతో సమానంగా చూశారు. భూమికింద దీపం వెలుతురులో పనిచేసి పైకి వచ్చేసరికి అందరి ముఖాలూ నల్లగానే వుంటాయి. ఈ హాస్యాన్ని గని కార్మికులే ఎప్పుడో కనిపెట్టి వుంటారు, వేదిక దాకా ఆగనక్కరలేదు. అక్కడ పక్కవాడి రంగు ఏమిటన్నదానికన్నా పైకప్పుకు పెట్టిన ఆపు గట్టిగా వుందా లేదా అన్నది ముఖ్యం. గనిలో జాతి భేదం లేదని నేననటం లేదు. అక్కడి శ్రమ మనిషిని మనిషికి అవసరం చేస్తుంది. ఆ అవసరంలోనుంచి ఒక రకమైన సమానత్వం పుడుతుంది. అది ఎంతవరకు నిలుస్తుందో తరవాత చూద్దాం.

ఆ రోజుల్లో ప్రతి గనికీ ఒక ఫుట్‌బాల్ జట్టు వుండేది. అప్టన్ గని జట్టులో ఆడుతున్న చార్లీని డాన్‌కాస్టర్ రోవర్స్ 1948లో వృత్తి ఆటగాడుగా తీసుకుంది. డాన్‌కాస్టర్ రైలింజన్లు తయారుచేసిన వూరు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజను 1923లో అక్కడి కర్మాగారంలోనుంచే వచ్చింది. చుట్టూ బొగ్గు గనులు. శనివారం మధ్యాహ్నం బెల్ వ్యూ మైదానంలో నిలబడేవాళ్ళు ఆ కర్మాగారంవాళ్ళూ, ఆ గనులవాళ్ళూ. 1950లో క్లబ్బు మూడవ డివిజన్ ఉత్తరభాగంలో మొదటి స్థానం సంపాదించి రెండవ డివిజన్‌లోకి వచ్చి 1958 దాకా అక్కడ తట్టుకుని నిలిచింది. 1955లో ఎఫ్.ఎ. కప్పు నాలుగవ రౌండులో ఆస్టన్ విల్లా అంతటి జట్టుతో తేలక తేలక, అయిదవ మ్యాచిలో గెలిచింది.

మేనేజరు పీటర్ డోహర్టీ. ఐర్లండువాడు, తన కాలంలో గొప్ప ఆటగాడు, ఆటగాళ్ళను క్లబ్బులు చూసే తీరును బాహాటంగా విమర్శించినవాడు. అతనికింద చార్లీ వెంటనే పైకి రాలేదు. చాలా యేళ్ళు రిజర్వుల్లో గడిపి, 1950ల మధ్యలోగాని మొదటి జట్టులో కుదురుకోలేదు. తన ఆటను గురించి తనే తరవాత చెప్పుకున్నాడు: తాను సొగసుగా ఆడినవాణ్ణి కాననీ, సొగసుగా ఆడేవాళ్ళను ఆపగలిగినవాణ్ణనీ. ఇంతకంటె మంచి నిర్వచనం ఆ స్థానానికి నాకు తెలియదు. సెంటర్‌హాఫ్ పని అవతలివాడి తెలివిని వ్యర్థం చేయటం. అతను బాగా పనిచేసిన రోజున ఏమీ జరగదు. జరగనిదాన్ని పత్రికలవాళ్ళు రాయరు. అతని వెనక గోలులో నిలబడ్డ హారీ గ్రెగ్‌ను 1957 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్, అప్పటిదాకా ఏ గోలుకీపరుకూ ఇవ్వనంత సొమ్మిచ్చి కొనుక్కుపోయింది. అతని ముందు ఆడిన అలిక్ జెఫ్రీ అనే కుర్రవాణ్ణి పదిహేనో యేటనుంచే దేశమంతా చూస్తూవచ్చింది. 1956లో ఇంగ్లండు యువజట్టుకు ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. మధ్యలో వున్న చార్లీని ఎవరూ కొననూలేదు, చూడనూలేదు.

ఇక్కడ ఆ వృత్తి ఆర్థికస్వరూపం కొంచెం చెప్పాలి. ఇంగ్లీషు ఫుట్‌బాల్‌లో ఆటగాడి జీతానికి 1901 నుంచి ఒక గరిష్ఠ పరిమితి వుండేది. మొదట వారానికి 4 పౌన్లు. 1947లో 12, 1953లో 15, 1957లో 17, 1958లో 20. ఇవి ఆట జరిగే నెలలకు మాత్రమే, వేసవిలో ఇంకా తక్కువ. పైగా ఇవి గరిష్ఠం. ఇచ్చితీరాలని ఎక్కడా లేదు. చిన్న క్లబ్బులలో చాలామందికి ఆ గరిష్ఠం అందేది కాదు. యాభైవేలమంది టిక్కెట్టు కొని చూసే ఆటకు ఆటగాళ్ళ కూలి నైపుణ్యంగల కార్మికుడి కూలికి కాస్త ఎగువన ఆగిపోయింది.

దీనికంటె అన్యాయమైనది మరొకటి వుంది. సీజను చివర క్లబ్బు ఆటగాడి పేరును తన వద్ద వుంచుకునే జాబితాలో రాసుకుంటే, కాంట్రాక్టు ముగిసినా అతను మరొక లీగ్ క్లబ్బుకు పోవటానికి వీలులేదు. ఇచ్చే జీతానికి ఒప్పుకోకపోతే జీతమూ లేదు. పెట్టుబడిదారీ విధానంలో కార్మికుడికి వున్న స్వేచ్ఛ ఒక్కటే, యజమానిని మార్చుకునే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛకూడా లేని కార్మికుడు ఇరవయ్యవ శతాబ్దపు ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాడు! ఆటగాళ్ళ సంఘం అధ్యక్షుడు జిమ్మీ గత్రీ 1955లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు సభలో తనవాళ్ళను బానిసలతో పోల్చాడు. పత్రికలు నవ్వాయి. చివరికి సమ్మె బెదిరింపుతో జిమ్మీ హిల్ నాయకత్వంలో 1961 జనవరిలో జీతాల పరిమితి రద్దయింది. జార్జి ఈస్ట్‌హామ్ అనే ఆటగాడు వేసిన వ్యాజ్యంలో 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్, ఆటగాణ్ణి ఇలా పట్టి వుంచటం వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన అడ్డంకి అని తీర్పు చెప్పాడు. ఆ విల్బర్‌ఫోర్స్ బానిస వ్యాపార నిర్మూలనకు పోరాడిన విల్బర్‌ఫోర్స్ వంశంవాడే. గత్రీ పోలికను నవ్వులాటగా తీసుకున్న పత్రికలవాళ్ళు దీన్ని చూసి ఏమనుకున్నారో! 1972లో బొగ్గుగని కార్మికుల సమ్మె సమయంలో వాళ్ళ కూలిమీద విచారణ జరిపి పెద్ద పెంపు సిఫారసు చేసినవాడుకూడా ఆయనే.

చార్లీ 1959లో లీగ్ ఆటనుంచి బయటికి వచ్చాడు. పరిమితి తొలగటానికి రెండేళ్ళ ముందు. గనిలో వుండగా గనులు జాతీయమయ్యాయిగాని అతను మరుసటి యేడే బయటికి వచ్చేశాడు. ఆటలో పోరాటం ఫలించేసరికి ఆటే అయిపోయింది. స్కెగ్‌నెస్ అనే సముద్రతీరపు వూళ్ళో లీగుకు వెలుపలి జట్టుకు కొన్నాళ్ళు ఆడాడు. ముప్ఫయి దాటిన డిఫెండరుకు పింఛను లేదు, చదువు లేదు. మళ్ళీ గనిలో దిగటమా, ఇంకేదైనా చూసుకోవటమా?

ఆ మళ్ళీ దిగటం ఎలా వుంటుందో డాన్‌కాస్టర్ వాళ్ళకు తెలుసు. ఆ వూరి పక్కనే ఎడ్లింగ్టన్ గనిలో ఆర్థర్ వార్టన్ అనే మనిషి తన చివరి యేళ్ళు కూలిపని చేశాడు. ఆఫ్రికాలోని అక్రాలో 1865లో పుట్టి, 1886లో 100 గజాల పరుగుపందెంలో ఇంగ్లండు ఛాంపియను అయి, ప్రెస్టన్, రోథర్‌హామ్ వంటి జట్లకు గోలు కాపాడినవాడు. ఇంగ్లండులో మొదటి నల్లజాతి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడుగా అతన్నే చెబుతారు. 1930లో చనిపోతే సమాధిమీద పేరుకూడా లేదు. ఆ రాయి పడేసరికి 1997 వచ్చింది.

చార్లీకి గొంతు వుంది. కార్మికుల క్లబ్బులలో పాటలు పాడటం మొదలుపెట్టాడు. పాటకూ పాటకూ మధ్య చెప్పే కబుర్లకే జనం ఎక్కువ నవ్వుతున్నారని గ్రహించి పాటలు తగ్గించి కబుర్లు పెంచాడు. 1971లో గ్రనాడా టెలివిజన్ ఉత్తర ఇంగ్లండు క్లబ్బుల హాస్యగాళ్ళను పోగుచేసి 'ది కమెడియన్స్' అనే కార్యక్రమం పెట్టింది. దానితో చార్లీ దేశానికంతకూ తెలిశాడు. 1972లో లండన్ పల్లేడియంలో ఆడాడు, అదే యేడు రాజమాత ఎదట ప్రదర్శించాడు. 1973లో 'ది గోల్డెన్ షాట్' కార్యక్రమాన్ని నడిపే పని ఇచ్చారు. అది అంతగా పొసగలేదు, మరుసటి యేడే పోయింది.

అతని హాస్యం దేనిమీద నిలబడింది? ముఖం బార్బడోస్‌ది, మాట బార్న్‌స్లీది. నోరు తెరవగానే జనం నవ్వేవారు. ఆ నవ్వుకు అర్థం ఏమిటి? ఇంగ్లీషు గనికార్మికుడి యాస తెల్లవాడి సొత్తు అని వాళ్ళ మనసులో వుంది; ఆ నమ్మకం అతని మొదటి వాక్యంతోనే కూలిపోతుంది. ఈ నవ్వు మంచి నవ్వు. ఎవరైనా మధ్యలో అల్లరిచేస్తే, నోరు మూసుకోకపోతే మీ పక్కింట్లోకి కాపురం వస్తానని బెదిరించేవాడు. ఈ మాట ఎప్పటిదో జ్ఞాపకం పెట్టుకోవాలి. 1968 ఏప్రిల్‌లో ఈనక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో వలసవచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా తన పేరుమోసిన ఉపన్యాసం చేశాడు. లండన్ రేవు కార్మికులు అతనికి మద్దతుగా ఊరేగింపు తీశారు. అటువంటి కాలంలో, సభలోనివాడు లోపల అనుకునే మాటను వాడికంటె ముందు తానే అనెయ్యటం సెంటర్‌హాఫ్ చేసే పనే. అవతలివాడు తన్నకముందే బంతిని తన్నెయ్యటం.

కాని అతని హాస్యమంతా ఇదే కాదు. పాకిస్తానీలమీద, కొత్తగా వచ్చిన వెస్టిండియన్లమీద అదే వేదికమీద మిగతావాళ్ళు చెప్పే జోకులవంటివే అతనుకూడా చెప్పాడు. ఇక్కడ ఆత్మరక్షణ అనే వాదన సాగదు. తన్నింది తన కాలే అయినా బంతి పోయి తగిలింది మరొకరికి. అతనికి యాస వుంది. అతన్ని గనీ, మైదానమూ తమవాడుగా ఒప్పుకున్నాయి. బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులో రాత్రిపూట పనిచేసే మీర్‌పూర్ మనిషికి ఆ యాస లేదు, ఆ క్లబ్బుకు వచ్చి బదులు చెప్పే అవకాశమూ లేదు. మర్నాడు పనిలో ఆ జోకు వినవలసింది మాత్రం అతనే. 1980ల తరవాత విమర్శకులు చార్లీమీద కోపగించటం అన్యాయం కాదు. కోపమంతా అతనిమీదే ఖర్చుపెట్టి, పక్కనే నిలబడి అంతకంటె విషపు జోకులు చెప్పిన బెర్నార్డ్ మానింగ్ లాంటివాళ్ళను 'అతను అంతేలే' అని వదిలెయ్యటం అన్యాయం.

ఇక క్లబ్బుల మాట. అవి 1862లో ఒక మతాచార్యుడు కార్మికులను తాగుడు మానిపించటానికి మొదలుపెట్టిన సంఘం కిందివి. కొద్దికాలానికే కార్మికులు ఆ పెద్దమనుషుల పెత్తనాన్ని వదిలించుకుని, బీరు తెచ్చిపెట్టి, క్లబ్బులను తమవి చేసుకున్నారు. శ్రామికవర్గం తనంతట తాను నడుపుకున్న సంస్థలలో ఇవి లెక్కించదగ్గవి. అటువంటి క్లబ్బులలో కొన్నిటికి తెల్లవాళ్ళనే చేర్చుకునే నియమం వుండేది. ప్రెస్టన్‌లో రేవు కార్మికుల లేబర్ క్లబ్బు, అనుబంధ క్లబ్బు సభ్యుడైన ఒక మనిషిని రంగు కారణంగా బయటికి పంపింది. వ్యాజ్యం ప్రభువుల సభ దాకా పోయింది. ఆ క్లబ్బు ప్రజలందరిదీ కాదు గనక 1968 చట్టం దానికి వర్తించదని 1974లో తీర్పు వచ్చింది. పేరులో 'రేవు కార్మికులు', పేరులో 'లేబర్'! 1976లో కొత్త చట్టం వచ్చి, పాతికమందిగాని అంతకు మించిగాని సభ్యులున్న క్లబ్బులలో ఈ నియమాలను నిషేధించింది.

అంటే చార్లీ విలియమ్స్ దేశమంతా నవ్వించిన ఆ యేళ్ళలోనే అతనివంటి రంగున్న మనిషి అటువంటి క్లబ్బులో వేదికమీద నిలబడి డబ్బు సంపాదించవచ్చు, బల్ల దగ్గర నిలబడి బీరు అడగటానికి మాత్రం సభ్యుడు కాలేకపోవచ్చు. వర్గచైతన్యం పెరిగితే జాతిద్వేషం దానంతటదే పోతుందని మనలో కొందరు ఇప్పటికీ సభల్లో చెబుతుంటారు. వాళ్ళు గని లోపలి చార్లీనే చూస్తున్నారు. భూమికింద ఒకరికొకరు అవసరమైనవాళ్ళు, పైకి వచ్చి స్నానం చేసి, తమ సొంత డబ్బుతో కట్టుకున్న హాలు తలుపు దగ్గర ఒక నియమం రాసుకున్నారు. దాన్ని ఏ గనియజమానీ వాళ్ళచేత రాయించలేదు. యజమానులకు అది లాభించి వుండవచ్చు, అది వేరే మాట.

చార్లీ తన జీవితంలో దీన్ని ప్రశ్నించినట్టు కనిపించదు. అతను పోరాటం మనిషి కాదు. నిలబడ్డచోట నిలబడి, వచ్చినదాన్ని ఆపి, సాయంత్రానికి ఇంటికి పోయేవాడు. 1999లో ప్రభుత్వం ఎం.బి.ఇ. బిరుదు ఇచ్చింది. 2004లో బి.బి.సి. ప్రతి క్లబ్బు అభిమానులనూ తమకు అన్ని కాలాలలోనూ అతిప్రియమైన ఆటగాణ్ణి ఎన్నుకోమన్నప్పుడు, డాన్‌కాస్టర్ జనం డోహర్టీని, గ్రెగ్‌ను, జెఫ్రీని దాటి, పదకొండేళ్ళలో ఒక్క గోలు చేసిన చార్లీ విలియమ్స్ పేరు రాసి పంపారు. అప్పటికి బెల్ వ్యూ మైదానం ఇంకా వుంది. చుట్టుపక్కల గనులు చాలావరకు మూతపడ్డాయి.