క్లౌన్ చేపల జంట

కంబదూరుకు సముద్రము చాలా దూరము. అయినను గాజుతొట్టిలో క్లౌన్ చేపలను పెంచవచ్చును. బోరునీటిలో వంట ఉప్పు కలిపిన చాలదు; శుద్ధజలమున లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రలవణ మిశ్రమము కావలెను.

పువ్వువలె కనబడు అనిమోను అను జంతువు కుట్టెడి చేతులనడుమ ఈ చేపలు నిర్భయముగా వసించుటను కాలింగ్‌వుడ్ అను ఆంగ్లేయుడు 1868లోనే వర్ణించెను. ఆడ, మగ చిక్కు మాత్రము నూరేండ్లు దాటినగాని విడలేదు. 1977లో హాన్స్ ఫ్రికె, ఎస్. ఫ్రికె అనువారు ‘నేచర్’ పత్రికలో వింత విషయము వెల్లడించిరి: గుంపులో అన్నిటికన్న పెద్దది ఆడది, అది చనిపోయినచో జతలోని మగదే ఆడదిగా మారును!

పిల్లలలో ఏదియు తొలుత ఆడది కాదు. కనుక ఆడచేపకై వెదకనక్కరలేదు. పరిమాణములో తేడాగల రెండు పిల్లలను ఒకేసారి విడిచిన, పెద్దది క్రమముగా ఆడదగును. చిన్నది దానియెదుట వణకుచు లొంగియుండును. ఎదిగిన ఆడచేపలు రెంటిని కలిపితిమా, పోరు తరచు చావుతోగాని ముగియదు. ఆడది తిరిగి మగది కాజాలదు గదా!