గడప దగ్గర ఆగిపోయిన గొట్టాలు

సీసం అనగానే మన పద్యప్రియులకు ముందుగా తోచేది నాలుగు పాదాల సీసమూ, దాని వెంట వచ్చే ఎత్తుగీతీ. ఇక్కడ చెప్పబోయేది ఆ సీసం గురించి కాదు, రసశాస్త్రంలో నాగమని పిలిచే లోహం గురించి. లాటిన్ భాషలో దాని పేరు ప్లంబమ్. మన ఇళ్ళకు కుళాయిలు బిగించడానికి వచ్చే ప్లంబరుకు ఆ పేరు అందులోనుంచే వచ్చింది. ప్లంబరంటే మొదట సీసపు పనివాడని అర్థం. ఇంటి నీటి గొట్టాలకూ సీసానికీ ఉన్న సంబంధం ఎంత పాతదో ఆ ఒక్క మాటే చెబుతుంది. ఆ సంబంధాన్ని తెంచుకోవడం ఎంత కష్టమైందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రోమనులు సీసపు రేకును గుండ్రంగా వంచి, అంచులు అతికి గొట్టాలు చేసేవారు. సీసం మెత్తని లోహం. తక్కువ వేడికే కరుగుతుంది, ఎటు వంచితే అటు వంగుతుంది, ఇనుములా తుప్పు పట్టి చిల్లులు పడదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో, సీసపు గొట్టాల నీటికన్నా మట్టి గొట్టాల నీరు ఆరోగ్యకరమని రాశాడు. సీసం పోత పోసే పనివారి ముఖాలు పాలిపోయి ఉండటాన్ని అందుకు నిదర్శనంగా చూపించాడు. క్రీ.శ. 97లో రోము నగర జలాధికారిగా నియమితుడైన ఫ్రాంటినస్, దొంగచాటుగా వేసుకున్న కనెక్షన్లను తవ్వించినప్పుడు బయటపడ్డ సీసం బరువును బట్టే నీటి చౌర్యం ఎంత జరిగిందో ఊహించవచ్చన్నాడు. రోమును కూల్చింది ఈ గొట్టాలేనన్న కథ బాగా ప్రచారంలో ఉంది కానీ, ఆధారాలు అంతదూరం పోవు. 2014లో వెలువడిన ఒక పరిశోధన, రోము కుళాయి నీటిలో అక్కడి ఊటనీటికన్నా సుమారు వంద రెట్లు సీసం ఉండి ఉంటుందని లెక్కకట్టింది. అయినా సామ్రాజ్యాన్ని కూల్చేంత హాని అందువల్ల జరిగి ఉండదని కూడా చెప్పింది. ఆ ఊటనీటిలోని సున్నం గొట్టాల లోపల పొరగా పేరుకొని కొంత కాపు కాసింది.

విట్రూవియస్ మెచ్చుకున్న మట్టి గొట్టాలకు ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. గోలకొండ కోట గోడలలో కాల్చిన మట్టి గొట్టాల ముక్కలు నేటికీ కనిపిస్తాయి. కుతుబ్‌షాహీల కాలంలో దుర్గం చెరువు నీరు కోటకు చేరేది. అక్కడ నీటిని చక్రాల సాయంతో అంచెలంచెలుగా పైకి తోడి, ఈ గొట్టాల ద్వారా తోటలకూ మహళ్ళకూ పారించేవారు. మాటల్లో కూడా ఈ చరిత్ర మిగిలింది. కోస్తా వారి కుళాయి తమిళంలో గొట్టానికున్న పేరే. తెలంగాణ వారి నల్లా హిందుస్తానీ గొట్టం. నీరు పడేచోటును మనం ఆ నీటిని తెచ్చిన గొట్టం పేరుతోనే పిలుచుకుంటున్నాం.

ఇంటింటికీ గొట్టం వేసే ఆధునిక ఏర్పాటు పంతొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో విస్తరించింది. వీధి కింద పోత ఇనుప గొట్టం, అక్కడినుంచి ఇంటిలోకి వేలెడు లావు సీసపు గొట్టం, ఇదీ పద్ధతి. ఇబ్బంది ఎక్కడంటే, అన్ని నీళ్ళూ సీసంతో ఒకేలా ప్రవర్తించవు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న కఠినజలం గొట్టం లోపల పొర కడుతుంది. కొండలమీది బురదనేలల నుంచి, సరస్సుల నుంచి వచ్చే మృదుజలానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, అది సీసాన్ని కరిగించుకుంటుంది. గ్లాస్గో నగరానికి 1859లో విక్టోరియా రాణి చేతుల మీదుగా కాట్రిన్ సరస్సు నీరు విడుదలైంది. అంత నిర్మలమైన నీరు మరో పెద్ద నగరానికి లేదని జనం పొంగిపోయారు. ఆ నిర్మలత్వమే సీసపు గొట్టాలున్న ఇళ్ళకు శాపమైంది. గ్లాస్గో నీటికి సున్నం కలిపి ఆమ్లగుణం తగ్గించడం 1978లో గానీ మొదలుకాలేదు.

షెఫీల్డులోనూ ఇటువంటి నీటివల్లనే 1880లలో ఎందరో సీసపు విషానికి గురయ్యారు. అదే దశకంలో హడర్స్‌ఫీల్డు పట్టణవాసి ఒకరు, తన ఇంటి గొట్టంలోని సీసంవల్ల జబ్బుపడ్డానని పురపాలక సంఘం మీద దావా వేశాడు. అది ప్రభువుల సభ దాకా వెళ్ళింది. 1886లో వచ్చిన తీర్పు సారాంశం ఇది: వీధి గొట్టంలో ఉన్నంతవరకు నీరు శుద్ధమైనదే, చెడిపోయింది ఇంటివారి గొట్టంలో, కాబట్టి సంఘానికి బాధ్యత లేదు.

ఈ తీర్పు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నీరు ఒక్కటే, ప్రవాహం ఒక్కటే. అయినా చట్టం దాన్ని రెండు ముక్కలు చేసింది. వీధిలో ఉన్నంతసేపు అది ఊరి నీరు, ఇంటి గొట్టంలోకి మళ్ళగానే సొంత నీరు. నూటముప్పై ఏళ్ళ పైచిలుకు కాలంలో గొట్టాల మార్పిడి ఎక్కడ ఆగిపోయినా, దాదాపు ప్రతిసారీ ఈ గీత దగ్గరే ఆగిపోయింది.

అమెరికా కథ చూడండి. చికాగో నగర నిబంధనలు ఇంటి కనెక్షనుకు సీసపు గొట్టమే వాడాలని 1986 దాకా పట్టుపట్టాయి. ఆ ఏడాది కేంద్ర చట్టం కొత్తగా సీసపు గొట్టాలు వేయడాన్ని నిషేధించింది. వేసినవాటిని తీయమని మాత్రం అనలేదు. 1991 నాటి నిబంధన లీటరు నీటిలో 15 మైక్రోగ్రాముల సీసాన్ని చర్య తీసుకోవలసిన హద్దుగా పెట్టింది. నగరాలు చాలావరకు నీటికి ఫాస్ఫేటు కలిపి గొట్టం లోపల పొర కట్టించడంతో సరిపెట్టుకున్నాయి. పొర ఉన్నంతకాలం అంతా సవ్యమే. 2000లో వాషింగ్టన్ నగరపు నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలపడం మొదలుపెట్టారు. క్లోరిన్ ఉన్నందువల్ల నిలిచిన పొర కరగడం మొదలైంది, సీసం నీటిలోకి దిగింది. పత్రికల ద్వారా ఆ సంగతి జనానికి విస్తృతంగా తెలిసింది 2004లో.

అప్పుడు నగరం గొట్టాలు మార్చడం ప్రారంభించింది, కానీ వేలాది ఇళ్ళకు తన హద్దు వరకే. ఇంటి వైపు ముక్కకు యజమాని డబ్బు పెట్టుకోవాలి, పెట్టుకోనివారికి అది సీసంగానే మిగిలింది. సగం పని జరిగింది కాబట్టి సగం మేలు కలగాలని లెక్క. జరిగింది అది కాదు. గొట్టాన్ని కోసినప్పటి కుదుపుకు పాత పొర పెళ్ళలు ఊడిపడతాయి. కొత్త రాగి గొట్టం పాత సీసానికి తగిలినచోట రెండు లోహాల మధ్య విద్యుద్రసాయన చర్య జరిగి సీసం మరింత కరుగుతుంది. సగం మార్చిన ఇళ్ళలోని పిల్లల రక్తంలో సీసం ఆశించినట్టు తగ్గలేదని తరువాతి అధ్యయనాలు తేల్చాయి. ఎత్తుగీతి లేని సీసపద్యం పూర్తికానట్టే, ఇంటి ముక్క మార్చని గొట్టం మారినట్టు కాదు.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరం మరో దారి పట్టింది. ఫాస్ఫేటు కలిపితే చివరకు అది తమ సరస్సులలో చేరి నాచు పెంచుతుందని అక్కడివారి భయం. అందుకని గొట్టాలనే మార్చాలని, అదీ గడప దాటి ఇంటి వైపు ముక్కతో సహా మార్చాలని 2000లో శాసనం చేశారు. యజమాని ఖర్చులో సగం, వెయ్యి డాలర్లకు మించకుండా, నగరం భరించింది. నీటి బిల్లుల సొమ్మును సొంత ఆస్తి మీద ఖర్చు చేయడానికి అనుమతి లేకపోతే, నీటి ట్యాంకుల మీద సెల్‌ఫోను యాంటెనాలకు చోటు అద్దెకిచ్చి ఆ డబ్బు తెచ్చారు. 2001లో మొదలుపెట్టి దాదాపు పదేళ్ళలో ఎనిమిది వేల గొట్టాలు మార్చారు.

ఆ తరువాత ఫ్లింట్ వచ్చింది. 2014 ఏప్రిల్‌లో పొదుపు పేరిట ఆ ఊరిని నదినీటికి మార్చారు, గొట్టాలను కాచే రసాయనం కలపలేదు. ఆ ఊరి పిల్లలకు జరిగిన హాని లోకమంతా విన్నది. న్యూజెర్సీలోని నెవార్క్‌లో కూడా ఇటువంటి గండమే వచ్చినప్పుడు, 2019లో అక్కడి నగర సభ ఆ పాత గీతను చెరిపేసింది. యజమాని అనుమతి కోసం వేచి ఉండకుండానే గొట్టం మార్చవచ్చని, ఖర్చంతా ప్రభుత్వానిదేనని శాసించింది. ఆ ఊళ్ళో అద్దెకుండేవారే ఎక్కువ. తాగేది అద్దెకున్నవారు, ఒప్పుకోవలసింది ఎక్కడో ఉన్న యజమాని. ఆ ముడి విప్పగానే మూడేళ్ళ లోపలే ఇరవైమూడు వేల గొట్టాలు మారాయి. 2024 అక్టోబరులో వెలువడిన కేంద్ర నిబంధన, దేశమంతటా చాలా నగరాలు పదేళ్ళలో ఈ పని ముగించాలంటున్నది. న్యూజెర్సీలోనో చికాగోలోనో పాత ఇళ్ళలో కాపురముంటున్న మన తెలుగువారికి ఇది పరాయి చరిత్ర కాదు.

గొట్టాన్ని ఇంటిదాకా మార్చినా, ఇంటి లోపలిది మరో అధ్యాయం. ఫ్రెంచివాడైన సోరెల్ 1837లో ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. మన జి.ఐ. పైపు దాని సంతానమే. పూత అరిగిపోయాక లోపల తుప్పు పేరుకొని, అంగుళం గొట్టం పెన్సిలు దూరేంత సందుగా మిగలడం మన పాత ఇళ్ళలో అందరూ చూసినదే. ఎగువన సీసపు గొట్టం ఉంటే, ఆ తుప్పు సీసాన్ని పీల్చి దాచుకొని, సీసపు గొట్టం తీసేసిన తరువాత కూడా కొంతకాలం వదులుతూ ఉంటుంది. అమెరికాలో 1978 నుంచి 1995 వరకు ఇళ్ళలో వాడిన పాలిబ్యుటిలిన్ గొట్టాలు క్లోరిన్ తగిలి పెళుసై పగిలిపోయాయి. 1995లో కుదిరిన ఒప్పందం ప్రకారం తయారీదారులు సుమారు 95 కోట్ల డాలర్లు కేటాయించవలసివచ్చింది. ఇళ్ళకు ఇళ్ళు గోడలు తెరిచి గొట్టాలు మార్చుకున్నాయి.

మన దేశంలో సీసపు గొట్టం విస్తారంగా లేదని నిబ్బరంగా ఉండటానికి వీల్లేదు. జి.ఐ. గొట్టాల మరలకు జనపనార చుట్టి తెల్లసీసం పూయడం ఒకప్పటి ఆనవాయితీ. పి.వి.సి. గొట్టాల తయారీలో, ప్లాస్టిక్ వేడికి చెడకుండా ఉండటానికి సీసపు లవణాలు కలిపేవారు. దాన్ని క్రమంగా మాన్పించే నియమాలను కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించింది. అంటే అంతకుముందు వేసిన గొట్టాలలో చాలావాటిలో అది ఉండి ఉండవచ్చు. మన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించి సీసం ఉండరాదు. పిల్లల మెదడుకు హాని చేయని మోతాదంటూ ఏదీ లేదని వైద్యుల మాట.

ఇంటి గొట్టాలు మార్చదలచినవారికి ఈ చరిత్ర చెప్పే నీతులు నాలుగే. మార్చితే పూర్తిగా మార్చాలి, పాతదానికి కొత్తది అతికి ఊరుకోకూడదు. మార్చాక కొన్నాళ్ళపాటు కుళాయి కొసన ఉండే జల్లెడలు విప్పి కడగాలి, తాగేముందు కాసేపు నీరు వదిలేయాలి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ సీసం పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అనుమానముంటే నీటిని పరీక్ష చేయించాలి, ఎందుకంటే సీసానికి రుచీ లేదు, రంగూ లేదు.

నీతులు ఇంటివారికి సరే, ఊరివారికి మాత్రం ఒకటే. నీరు గోడలను బట్టి, దస్తావేజులను బట్టి తన గుణం మార్చుకోదు. 1886 నాటి న్యాయమూర్తులు గీసిన గీత కాగితం మీద నిలిచింది, నీటి మీద నిలవలేదు. మాడిసన్, నెవార్క్ నగరాలు చేసిందల్లా ఆ సంగతి ఒప్పుకోవడమే. మన ఊళ్ళలోనూ కొత్త జలాశయాల గురించీ, వీధి గొట్టాల గురించీ లెక్కలు వేసేటప్పుడు, చివరి పది గజాలను కూడా ఆ లెక్కలో చేర్చుకోవాలి. పిల్లవాడు గ్లాసు పట్టేది అక్కడే.