రాయిని బట్టి రోగం: పశ్చిమ కడపలో వృత్తిజన్య శ్వాసకోశ వ్యాధుల నిర్ధారణ

జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు వైపు నుంచి ఆయాసంతో వచ్చిన మనిషిని ‘ఏం పని చేస్తావు?’ అని అడిగి ఊరుకుంటే సరిపోదు. ఏ రాయిమీద, ఎన్నేళ్ళు, ఎంతకాలం కిందట అని కూడా వైద్య విద్యార్థి అడగాలి. ఈ ప్రాంతంలో నిర్ధారణకు భూగర్భ శాస్త్రం అంత అవసరమన్నదే ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇళ్ళలో పరిచే కడప బండ నర్జి సున్నపురాయి. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. గండికోట, పులివెందుల క్వార్ట్‌జైట్లు దాదాపు అంతా సిలికాయే. కాబట్టి బండలు కోసే ప్రతివాడికీ సిలికోసిస్ అని రాయడం పొరపాటు. క్వార్ట్‌జైట్‌లో డ్రిల్లింగ్ చేసినవాడికి ‘డస్ట్ ఎలర్జీ’ అని రాయడం అంతకంటే పెద్ద పొరపాటు. సన్నని స్ఫటిక సిలికా రేణువులు వాయుకోశాల దాకా చేరతాయి. వాటిని మింగిన మాక్రోఫేజ్‌లు చచ్చి, ఆ చోట ఫైబ్రోసిస్ మొదలవుతుంది. ఎక్స్‌రేలో గుండ్రటి మచ్చలు ముందుగా పై భాగాల్లో కనిపిస్తాయి.

ఇక్కడే క్షయ మనల్ని దారి తప్పిస్తుంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. కళ్ళెలో క్షయ క్రిమి దొరికిందని పని సంగతి అడగకపోతే, రోగి మందుల కోర్సు ముగించి మళ్ళీ అదే దుమ్ములోకి పోతాడు.

పులివెందుల ప్రాంతపు వెంపల్లె డోలమైట్‌లో, డోలరైట్ చొచ్చుకొచ్చిన అంచుల్లో, క్రిసోటైల్ రాతినార ఉంది. దాన్ని ఇక్కడ తవ్వి తీశారు. కొత్త లీజులను కేంద్రం 1986లోనూ, పాతవాటి పొడిగింపును 1993లోనూ ఆపేసింది. అయినా యాస్బెస్టోసిస్ బయటపడటానికి సాధారణంగా ఇరవై ఏళ్ళో, అంతకు మించో పడుతుంది. ఈనాడు మేకలు కాసుకుంటున్న వృద్ధుడి ఊపిరితిత్తుల అడుగు భాగాల్లో మచ్చ కట్టి, వేళ్ళ కొసలు ఉబ్బి ఉంటే, ఆయన యౌవనం గురించి అడగాలి. స్పైరోమెట్రీలో ఎఫ్‌వీసీ తగ్గి, ఎఫ్‌ఈవీ1/ఎఫ్‌వీసీ నిష్పత్తి మామూలుగానో ఎక్కువగానో ఉంటే రెస్ట్రిక్టివ్ వ్యాధిని అనుమానించాలి. మొత్తం ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచాకే దాన్ని ఖాయం చేయాలి.

ముగ్గురాయి (బెరైటీస్) తీరు రాతినారకు పూర్తిగా వేరు. బేరియం రేణువుల వల్ల ఎక్స్‌రే భయపెట్టేంత తెల్లగా కనిపించినా శ్వాస పరీక్ష మామూలుగానే ఉండవచ్చు. అయితే ముగ్గురాయితో క్వార్ట్జ్ కూడా కలిసి ఉంటే ఆ ధీమా చెల్లదు.

ప్రొద్దుటూరు వైపు పత్తి మిల్లులో చేసినవారిని సెలవు మరుసటి రోజు ఛాతీ బిగుస్తుందేమో అడగాలి. అది బిస్సినోసిస్ లక్షణం. మొదట దెబ్బతినేది శ్వాసనాళాలు, కాబట్టి దాన్ని రెస్ట్రిక్టివ్ కోవలో వేయకూడదు.

రాతినార కార్మికుల వైద్య రికార్డులను పనిలో చేరిన నాటినుంచి 40 ఏళ్ళు, లేదా పని మానాక 15 ఏళ్ళు, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఫ్యాక్టరీ కార్మికుడిలో సిలికోసిస్, యాస్బెస్టోసిస్, బిస్సినోసిస్ కనిపిస్తే చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయడం చికిత్స చేసే వైద్యుడి విధి; 2025 వరకు ఇది 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ కింద ఉండేది. గని కార్మికుల విషయంలో అప్పటిదాకా 1952 గనుల చట్టం 25వ సెక్షన్ వర్తించేది. కేస్‌షీట్‌లో రాయి పేరు, పనిచేసిన ఏళ్ళు రాయండి. ఆ నోటీసు పంపండి.