పెనుకొండ నుంచి 56 ఏపీవోకు

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర ఏదైనా రాయమన్నారు సంపాదక మిత్రులు. లేపాక్షి గురించీ పెనుకొండ ఖిల్లా గురించీ నాకంటే బాగా రాయగలవాళ్లు మనలోనే ఉన్నారు. నాకు తెలిసింది ఒక డాల్డా డబ్బా చరిత్ర.

1971లో నేను తొమ్మిదో తరగతి. హిందూపురంలో హాస్టల్లో ఉంటూ శనివారం సాయంత్రం పాసింజరెక్కి పెనుకొండలో అవ్వ దగ్గరికి పోయేవాణ్ణి. మా చిన్నమామ బెంగళూరులో మద్రాస్ శాపర్ల పటాలంలో చేరి అప్పటికి ఆరేళ్లు. శాపర్లంటే వంతెనలు కట్టేవాళ్లు, మందుపాతరలు ఏరేవాళ్లు. అవ్వకు మాత్రం "రోడ్డు పని" అని చెప్పి పెట్టాడు. ఆ ఏడు సెలవు ముగిశాక ధర్మవరం దాకా వెళ్లి గుంతకల్లు బండెక్కించి వచ్చాం.

అవ్వకు చదువు రాదు. మామ ఉత్తరాలు చదివేది, జవాబు రాసేది నేనే. చిరునామాలో ఊరుండదు. పేరు, నంబరు, యూనిట్, చివర 56 ఏపీవో. అదెక్కడుందని మన సాంఘిక శాస్త్రం అయ్యవారిని అడిగాను. అది ఊరు కాదనీ, పటాలం ఎక్కడుందో శత్రువుకు తెలియకుండా పెట్టిన సైనిక తపాలా చిరునామా అనీ, తూర్పు వైపు వాళ్లకు 99 ఏపీవో ఉందనీ చెప్పారు. అవ్వకు ఇది నచ్చలేదు. "ఊరే లేని తావులో బిడ్డ ఎట్లుంటాడురా?" అంది.

మామ ఉత్తరాల్లో యుద్ధం కనిపించదు. తెల్లారకముందే విజిల్, ఎనామిల్ మగ్గులో టీ, పొద్దంతా గుంతలు తవ్వడం, ఆదివారం బట్టలుతుక్కోవడం, రేడియో దొరికితే వివిధ భారతిలో జయమాల. సరిహద్దుకు కదిలాక అన్నం కంటే శక్కర్‌పారాలే ఎక్కువయ్యాయని రాశాడు. నవంబరు ఉత్తరంలో మాత్రం చలికి చేతులు పగిలి నెత్తురొస్తోందని ఒక వాక్యం ఉంది. దాన్ని దాటేసి చదివాను.

పటాలానికి ఇంటి రుచి పంపడం కొత్త సంగతేమీ కాదు. 1914 క్రిస్మస్‌కు ఇంగ్లండు రాకుమారి మేరీ పేరు మీద సిపాయిలకు ఇత్తడి డబ్బాలు పంచినప్పుడు, భారతీయులకు కలకండ, మసాలా దినుసులు ఇచ్చారు. 1962లో జాతీయ రక్షణ నిధికి ఆడవాళ్లు నగలు తీసిచ్చారు. ఇవన్నీ గొప్పవే గానీ, చెనిక్కాయల పొడి పంపాలంటే అవ్వే ఉండాలి.

డాల్డా డబ్బాలో ఆ పొడి, నిప్పట్లు, రాగిపిండి బెల్లం కలిపిన ఉండలు సర్దింది. నూనె కారుతుందని ఊరగాయ వద్దన్నారు పోస్టాఫీసులో. కురుబలు నేసిన నల్ల కంబళి కూడా పెట్టింది. దాని మడతల్లో ఏదో చిన్న సీసా దాస్తుంటే ఏమిటని అడిగాను. "నీకెందుకు, కుట్టు" అంది. గుడ్డ చుట్టి కుట్టి, లక్క ముద్రలు వేసి పంపాం. ఆ నెల 15 నుంచే ఉత్తరాల మీద శరణార్థుల సహాయానికి 5 పైసల బిళ్ళ అదనంగా అంటించాల్సి వచ్చింది.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఉత్తరాలు ఆగిపోయాయి. 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయిందని తెలిసి బడిలో అందరూ కేకలు వేశారు. నాకు మాత్రం టెలిగ్రాం భయమే. ఒక శనివారం అవ్వ బాధ చూడలేక ఉగాదినాటి ఉత్తరం తీసి కొత్తదన్నట్టు చదివాను. అంతా విని, "అప్పుడూ ఈ విజిలు కథే రాసినాడు కదరా" అంది. తర్వాత దాని మాటెత్తలేదు.

జనవరిలో ఉత్తరం వచ్చింది. మామది 9వ ఇంజనీర్ రెజిమెంటు. శకర్‌గఢ్ వైపు బసంతర్ నది దగ్గర మందుపాతరల మధ్య ట్యాంకులకు దారి చేసింది వాళ్లే. వాళ్ల మేజర్ విజయ్ రతన్ చౌదరి అక్కడే ప్రాణాలు విడిచారు, మహావీర చక్ర ఇచ్చారు. ఇదంతా నేను చాలా ఏళ్లకు చదివి తెలుసుకున్నాను. మామ చెప్పలేదు.

ఏప్రిల్‌లో సెలవు మీద వచ్చినప్పుడు ఖాళీ డబ్బా వెనక్కి తెచ్చాడు. అందులో మా ఉత్తరాలన్నీ ఉన్నాయి. పార్శిలు యుద్ధం అయ్యాకే అందిందట. పొడి ముక్కిపోయింది గానీ కంబళిలో ఉన్న ఆముదం చేతులకు బాగా పనికొచ్చిందన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "చేతుల సంగతి అమ్మకు చదివి చెప్పినావా?" అని అడిగాడు.

"లేదు మామా" అన్నాను.

అవ్వ వసారాలో చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.