కోఠి బస్టాపులో తుర్రుంఖాన్

మా గాంధీనగర్‌లో పిల్లాడు కాస్త నోరు పెద్దది చేస్తే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: "ఏందిరా, పెద్ద తుర్రుంఖాన్ అనుకుంటున్నవా?" చిన్నప్పుడు నేనూ ఆ మాట పడ్డాను. పెద్దయ్యాక నా పిల్లల్ని అన్నాను. తుర్రుంఖాన్ అంటే కట్టుకథల్లో పహిల్వాన్ అనుకునేవాణ్ణి. ఆ మాట వెనక ఉన్నది తుర్రేబాజ్ ఖాన్ అనే నిజమైన మనిషని అంటారని, అతను పోరాడిన చోటు మా ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల లోపేనని, అక్కడ స్మారక స్తంభం కూడా ఉందని తెలిసేసరికి నాకు నలభై దాటాయి.

చిక్కడపల్లిలో మెట్రో ఎక్కితే నారాయణగూడ తర్వాతి స్టేషనే సుల్తాన్ బజార్. దిగి కోఠి ఉమెన్స్ కాలేజీ వైపు నడవాలి. బస్సులు, చెప్పుల బండ్లు, పాత పుస్తకాల గుట్టలు, వాటి మధ్య రోడ్డు పక్కన స్తంభం. బస్సు కోసం నిలబడ్డవాళ్లలో దాన్ని చదివేవాళ్లు నాకైతే ఎప్పుడూ కనబడలేదు. దానికి దగ్గర్లోనే ప్రహరీ లోపల తెల్లటి రెసిడెన్సీ భవనం ఉంది. 1798 నుంచి 1805 దాకా బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాం సొమ్ముతో మొదలుపెట్టించిన మేడ అది. 1924లో పుట్టిన ఉమెన్స్ కాలేజీ 1949లో అందులోకి వచ్చింది. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు.

ఈ గోడ మీదికే 1857 జూలై 17న జనం వచ్చారు. ఆ రోజు శుక్రవారం.

అప్పటికి ఉత్తరాదిన సిపాయిలు తిరగబడి రెండు నెలలైంది. ఇక్కడ నిజాం నాసిరుద్దౌలా మే నెలలో చనిపోయి, అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను మొదటి సాలార్ జంగ్ ఈస్టిండియా కంపెనీ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. హైదరాబాద్ కంటింజెంట్ దళంలో జమాదారుగా ఉన్న చీదాఖాన్ కొందరు సిపాయిలతో దళం వదిలి నగరానికి వస్తే, దివాను మనుషులు వాళ్లను పట్టుకుని రెసిడెన్సీకి అప్పగించారు. వాళ్లను విడిపించాలని మక్కా మసీదు నుంచి సుమారు 500 మంది రోహిల్లా పఠాన్లు, పౌరులు బయల్దేరారు. ముందు నడిచినవాళ్లు మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్.

పుత్లీబౌలి వైపు రెసిడెన్సీకి ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్‌దాస్ అనే ఇద్దరి ఇళ్లుండేవి. తిరుగుబాటుదారులు వాటిలో చేరి తుపాకులు పేల్చారు. రెసిడెంటు డేవిడ్‌సన్‌కు దివాను నుంచి కబురు ముందే అందింది. లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. పోరు రాత్రంతా సాగి తెల్లవారుజామున ముగిసింది. ఖైదీలు విడుదల కాలేదు.

తుర్రేబాజ్ ఖాన్ కొద్ది రోజులకే దొరికాడు. ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేట్టు వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అండమాన్‌కు పంపారు, అక్కడే కన్నుమూశాడు. నిజాంకు మాత్రం విధేయతకు ఫలం అందింది. 1860 ఒప్పందంతో 50 లక్షల అప్పు మాఫీ అయింది, రాయచూరు, ధారాసివ్ ప్రాంతాలు తిరిగొచ్చాయి, షోరాపూర్ అదనంగా కలిసింది.

ఆ రాత్రిని ఏమనాలన్న దగ్గరే తగాదా మొదలవుతుంది. కంపెనీ కాగితాల్లో అది రోహిల్లాల అల్లరి. నిజాం దర్బారుకు రాజద్రోహం. స్వాతంత్ర్యం వచ్చాక మన పాఠాల్లో తొలి స్వాతంత్ర్య సమరంలో భాగం. పోరాడినవాళ్లలో మతం కోసం వచ్చినవాడు, జీతం రాక కడుపు మండినవాడు, తోటివాణ్ణి విడిపించాలని వచ్చినవాడు అందరూ ఉండే ఉంటారు. స్తంభం మీద అందరికీ ఒకే మాట చాలింది.

గోడ లోపల ఇంకో జ్ఞాపకం ఉంది. అదే ఆవరణలో చెట్ల చాటున చిన్న శ్మశానం, అందులో రెసిడెంట్లు, వాళ్ల కుటుంబాలవాళ్లు, ఇంగ్లీషు అధికారులు. 2002లో ప్రపంచ స్మారకాల నిధి ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో రెసిడెన్సీ చేరింది. ఏళ్ల తరబడి మరమ్మతులయ్యాక మేడ మళ్లీ మెరిసింది. మంచిదే, కూలిపోతే మన కట్టడమే కూలేది. కానీ లోపలి సున్నానికి దొరికిన శ్రద్ధలో పదో వంతు బయటి స్తంభానికి దొరికిందా?

అలాగని గోడను పూర్తిగా శత్రువు గోడగా చూడబోతే సుల్తాన్ బజార్ అడ్డు తగులుతుంది. ఈ బజార్లు 1933లో నిజాం చేతికి తిరిగొచ్చేదాకా రెసిడెన్సీ అధికారం కింద ఉండేవి. నిజాం పోలీసు చేయి ఇక్కడ అంతగా సాగేది కాదు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఇప్పుడున్నది ఈ బజారులోనే. 1921 నవంబర్ 12న వివేకవర్ధిని పాఠశాల ఆవరణలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తుర్రేబాజ్ ఖాన్ గురిపెట్టిన ఆ అధికారం నీడలోనే అరవై నాలుగేళ్లకు తెలుగు తల ఎత్తింది. ఈ రెంటిలో దేన్ని చెరిపేసినా ఊరి చరిత్ర కుంటుతుంది.

ఢిల్లీవాళ్లు ఈ చిక్కును ఒక రకంగా విప్పుకున్నారు. 1857లో చనిపోయిన తమ సైనికుల కోసం ఇంగ్లీషువాళ్లు రిడ్జి మీద కట్టిన గోపురాన్ని 1972లో కూల్చలేదు. అజీత్‌గఢ్ అని పేరు మార్చి, పాత రాతలో శత్రువులన్నవాళ్లు అమరవీరులని చెప్పే పలక పక్కన పెట్టారు. వచ్చినవాళ్లు రెండూ చదువుకోవచ్చు. మన కోఠిలో కూడా అంతే చాలు. స్తంభం దగ్గర నాలుగు వాక్యాలు తెలుగులో, ఉర్దూలో. లోపలి శ్మశానం దగ్గర ఇంకో నాలుగు. ఒకదాని గురించి ఇంకొక దాంట్లో ప్రస్తావన.

మొన్న అశోక్‌నగర్‌లో టీ బండి దగ్గర ఓ కుర్రాడు గ్రూప్స్ మెటీరియల్ తిరగేస్తున్నాడు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి చదివి వచ్చాడట. 1857, రెసిడెన్సీ, తుర్రేబాజ్ ఖాన్, అన్నీ పసుపు గీతల కింద ఉన్నాయి. "ఆ తుర్రుంఖాన్ ఈయనే అంటరు" అని చెప్పాను. కుర్రాడు నవ్వాడు.

"అయితే గెలిచిండా అంకుల్?"

"లేదు బిడ్డా, ఓడిపోయిండు."

"మరి మనోళ్లు తుర్రుంఖాన్ అనుకుంటున్నవా అని ఎందుకు తిడ్తరు?"

వేలాడదీసిన శవాన్ని చూసి భయపడ్డ ఊరు, ఆ పేరును వెక్కిరింతగా మార్చి దాచుకుందేమో అన్నాను. ఒకణ్ణి అలా తిట్టినప్పుడల్లా నువ్వు అతనంతటివాడివి కావనే కదా అంటున్నాం. కుర్రాడు ఏమీ అనలేదు. పుస్తకం మూసి, ఆ స్తంభం ఏ స్టాపు దగ్గర అని అడిగాడు.